దుప్పటి కాపలా

మొన్న షికాగో పార్కులో ఉచిత కచేరీకి వెళ్తే, ఎవరో గడ్డి మీద దుప్పటి పరిచి మూలకొక చెప్పు పెట్టి వెళ్లారు. తెలుగువాళ్ల పనే, వాదించకండి.

నా ఏడో ఏట ఇలాంటి కచేరీలోనే మా దుప్పటికి చెప్పులు చాలక నన్ను కూర్చోబెట్టారు. స్నేహితుల కుటుంబాన్ని తీసుకొస్తానని నాన్న గేటు దగ్గరికి వెళ్లారు. ఎదురుగా పొడుగుకర్రల మీద ఒకాయన నడుస్తుంటే పిల్లలంతా వెంట పరుగెత్తారు.

"అమ్మా, ప్లీజ్, ఒక్కసారి చూసొస్తానే!"

"లేచావంటే అంకుల్ వాళ్ల ప్లేస్ పోతుంది. కూర్చో."

కచేరీ అయిపోయింది. వాళ్లు రానేలేదు. నాన్న అప్పుడు తిరిగొచ్చారు. మమ్మల్ని కాపలా పెట్టి తానొక్కరే హాయిగా షో చూశారని ఏళ్ల తరబడి దెప్పాను.

నిరుడు అమ్మ చెప్పింది. వాళ్లు వెతుక్కుంటారేమోనని ఆయన ఆ రెండు గంటలూ స్టేజికి వీపు పెట్టి గేటు దగ్గరే నిలబడ్డారట, నాలాగే కదల్లేక. నేనెంత దెప్పినా ఒక్కసారైనా కాదనలేదు.