మొదటి నిమిషం తర్వాత

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని ఇప్పటికీ వాడేది కరెంటు బిల్లు ఒక్కటే. మిగతా లోకానికంతా ఆయన చాలుగారు.

పెళ్ళిళ్ళకీ సభలకీ నాటకాలకీ సౌండు సెట్టు అద్దెకివ్వడం ఆయన వృత్తి. వచ్చినవాడు ఎంత గొప్ప పాటగాడైనా సరే, మైకు ముందు నిలబడి నాలుగు ముక్కలు పాడగానే శబ్దం సరిచేసే మిక్సరు వెనక నుంచి చెయ్యెత్తి "చాలు" అనేస్తారు. ఆ నాలుగు ముక్కల్లోనే గొంతు సంగతీ గోడల సంగతీ ఆయనకు తెలిసిపోతుంది. తెలిశాక ఇంకా వినడం దేనికని ఆయన వాదన. ఇంట్లోనూ ఇదే వరస. భోజనాల దగ్గర భార్య ఏదైనా మొదలుపెడితే రెండో వాక్యానికే "అర్థమైంది, చాలు" అంటారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఒక్క విషయమూ చివరిదాకా చెప్పి ఎరగదు. ఇప్పుడెవరైనా చెప్పమని కూర్చోబెట్టినా, ముగింపులు ఆవిడకే గుర్తున్నాయో లేదో.

వ్యాపారంలో ఆయన కుడిభుజం తమ్ముడు. అన్నయ్య మిక్సరు దగ్గర కూర్చుంటే తమ్ముడు హాల్లో చివరి వరసకు వెళ్ళి నిలబడతాడు. అరచెయ్యి కిందికి దించాడంటే గుమ్మనే బేసు తగ్గించమని. వేళ్ళు ఆడించాడంటే శబ్దం చెవిలో గుచ్చుకుంటోందని. పిడికిలి బిగించాడంటే అంతా బాగుందని. హాలు ఎంత పెద్దదైనా ఒకరినొకరు కేకేసుకున్న పాపాన పోలేదు. అందుకే ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయినా పని మాత్రం ఆగలేదు.

మాటలు ఆగడానికి కారణం ఒకే ఒక్క వాక్యం. రెండు నెలల కిందట వ్యానులోకి స్పీకరు పెట్టె ఎక్కిస్తూ తమ్ముడు, "అన్నయ్యా, ఈ పనిలోంచి బయటికొద్దామనుకుంటున్నాను" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. చాలుగారు చెప్పనిస్తేనా? ముక్కు మీద ఉండే కోపం నెత్తికెక్కింది.

"చాలు. పోయేవాడివి పో. ఒప్పుకున్న పనులు మాత్రం పూర్తిచేసి పో" అన్నారు.

తమ్ముడు నోరు మూసుకున్నాడు. అప్పటినుంచీ మధ్యలో నలిగిపోయింది వదిన. రేపు ఏడింటికి రమ్మని చెప్పు అని ఈయన, వస్తానని చెప్పు వదినా అని అతను. "ఇద్దరి కబుర్లూ నేనే మోస్తున్నాను. స్పీకర్లకిచ్చినట్టు నాకూ అద్దె ఇప్పించండి" అంది ఆవిడ ఒకరోజు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే రాజీపడ్డట్టవుతుందని ఇద్దరూ బిగబట్టుకున్నారు.

ఈ అన్నదమ్ముల కథలో ఒక రికార్డు ఉంది. దాని సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

కుర్రతనంలో ఇద్దరూ ఒక రాక్ బ్యాండంటే చెవి కోసుకునేవారు. ఆ బ్యాండు పాట పెడితే కిటికీ అద్దాలు అదిరేవి, పక్కింటివాళ్ళు గోడ బాదేవారు. గాయకుడి గొంతు ఒక ఎత్తు, గిటారిస్టు వేళ్ళు ఒక ఎత్తు. ఒకరు పాట సగంలో వదిలితే రెండోవాడు అందుకునేవాడు. ఆ మోత ఇంకా పెద్దగా వినాలన్న పిచ్చిలోంచే వీళ్ళ సౌండు సెట్టు వ్యాపారం పుట్టింది. తీరా వీళ్ళు మొదటి స్పీకర్లు కొనేసరికి గాయకుడికీ గిటారిస్టుకీ చెడింది. గాయకుడు బ్యాండు వదిలేసి, ఏడాది తిరగకుండా ఒంటరిగా ఒక ఆల్బమ్ చేశాడు. అట్ట మీద ఒక గోడ, గోడకి ఒక ప్లగ్గు. మనిషి బొమ్మ కూడా లేదు. పత్రికలవాళ్ళు ఉతికి ఆరేశారు. వంటింట్లో కూర్చుని గొణుక్కున్నట్టుందన్నాడు ఒకడు. పని సగంలో వదిలేసి అమ్మకానికి పెట్టాడన్నాడు ఇంకొకడు.

చాలుగారు ఎంతో ఆశగా కొన్నారు. మొదటి పాట ఒక నిమిషం విన్నారు. ముల్లు ఎత్తి అక్కడోసారి ఇక్కడోసారి దించి చూశారు. ఎక్కడా గిటారు మోత లేదు. "తోడు ఉన్నవాణ్ణి వదిలేసినవాడికి ఇంతకంటే ఏం చేతనవుతుంది" అని తేల్చేశారు. తమ్ముడు మాత్రం తన గదిలో తలుపు దగ్గరేసుకుని అదే వినేవాడు. ఏముందిరా అందులో అంటే, "ఉంది" అనేవాడు. అంతకుమించి చెప్పే అవకాశం వాడికీ దొరకలేదనుకోండి.

తమాషా ఏమిటంటే, చాలుగారు జన్మలో ఎక్కువసార్లు పెట్టిన రికార్డు కూడా అదే. హాలు సరిచూడటానికి సౌండు పనివాళ్ళంతా తమకు కొట్టినపిండి అయిన ఒక పాట పెట్టుకుంటారు. ఆ ఆల్బమ్ మొదటి పాటలో ముందు ఉత్త గొంతు వస్తుంది. తర్వాత బేసు. ఆ తర్వాత డ్రమ్ముల పక్కనుండే కంచు పళ్ళెం మీద ఒక్క దెబ్బ. హాలు లోపాలన్నీ ఆ నిమిషంలో బయటపడతాయి. తమ్ముడు పిడికిలి బిగిస్తాడు, ఈయన "చాలు" అని మీట కిందికి లాగేస్తారు. ఇన్నేళ్ళుగా ఆ నిమిషం తర్వాత ఏముందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పని లైబ్రరీ మేడమీద. రిటైరైన టీచరమ్మ ఒకావిడ అక్కడ ప్రతి నెలా ఒక ఆల్బమ్ పెట్టి, వచ్చినవాళ్ళందరిచేతా మొత్తం వినిపిస్తుంది. అయ్యాక మాట్లాడుకుంటారు. ఈ నెల అందరూ తిట్టిపోసిన ఆల్బమ్‌ని మళ్ళీ విని చూద్దామని ఆవిడ నిర్ణయించింది. అది ఏ ఆల్బమో మీరు ఊహించే ఉంటారు.

"మా దగ్గర ఒకటే నియమమండీ. మధ్యలో ఆపకూడదు, మధ్యలో మాట్లాడకూడదు" అంది టీచరమ్మ.

"ఆ ఆల్బమ్‌కి అంత ఓపికెందుకమ్మా" అన్నారు చాలుగారు.

"నేనూ అప్పట్లో వారం తిరక్కుండా ఎవరికో ఇచ్చేశాను. ఇచ్చింది తప్పో ఒప్పో చూద్దామనే."

తమ్ముడు ఉండగా ఒప్పుకున్న పనుల్లో అది ఆఖరిది. అది అయిపోతే తమ్ముడు ఇక వ్యాను ఎక్కడు. చాలుగారికి పొద్దుటి నుంచీ ఉండిపోరా అని అడగాలని ఉంది, అడగడానికి అహం అడ్డొస్తోంది. కనీసం ఎందుకు వెళ్తున్నాడో తెలిసినా బాగుండును. ఆ మాట ఆ రోజే వినకుండా తరిమేసింది తనే కదా.

మెట్ల మీదుగా పెట్టెలు పైకి చేర్చారు. కర్టెన్లు మందంగా ఉన్నాయి, నేల మీద తివాచీ ఉంది. తమ్ముడు చివరి వరసలోకి వెళ్ళాడు. మామూలు నిమిషం, మామూలు సైగలు, పిడికిలి. జనం వచ్చి కూర్చున్నారు. ఈసారి తమ్ముడు వచ్చి చాలుగారి పక్కనే ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. వేరే కుర్చీలు లేవు మరి.

రికార్డు మొదలైంది. గొంతు, బేసు, కంచు పళ్ళెం మీద దెబ్బ. చాలుగారి చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్ళిపోయింది. టీచరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

పాట నిమిషం దాటింది. మూలమూలా తెలుసనుకున్న సొంత ఇంట్లో తెలియని గది బయటపడినట్టయింది ఆయనకు. గొంతు కాస్త కిందికి దిగింది, పక్కన కూర్చున్నవాడితో చెప్పుకుంటున్నట్టు. ఒక చరణం అయిపోయి, బ్యాండు రోజుల్లో అయితే గిటారు అందుకోవలసిన చోటు వచ్చింది. అక్కడ ఏమీ లేదు. బేసు మాత్రం మెల్లగా నడుస్తోంది. కుర్చీ కిర్రుమంది, గాయకుడు ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ పాడాడు. సగంలో వదిలేసిన పనంటూ పత్రికలవాళ్ళు తిట్టింది ఈ ఖాళీనే కాబోలు.

రెండో పాటలోనూ అంతే. మూడో పాట మాత్రం, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అప్పుడూ చెత్తే, ఇప్పుడూ చెత్తే. నాలుగో పాటకు వచ్చేసరికి చాలుగారు ముందుకు వంగి కూర్చున్నారు. ఖాళీ వచ్చే ముందు గాయకుడు కొంచెం నెమ్మదిస్తున్నాడు. గుమ్మందాకా వెళ్ళి, లోపలివాళ్ళు బయటికొస్తారేమో అని ఆగినట్టు. మార్కెట్లో గిటారు వాయించేవాళ్ళకు కరువా? ఇంత పేరున్నవాడు పిలిస్తే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పిలవలేదు. పోట్లాడి విడిపోయిన స్నేహితుడి వంతు ప్రతి పాటలోనూ అలాగే ఉంచేశాడు. వదిలేసి వెళ్ళినవాడు ఎక్కడైనా ఇలా చేస్తాడా?

రెండో వైపు తిప్పడానికి లేచినప్పుడు చాలుగారు రికార్డును పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తారు. మనిషెత్తు స్పీకర్లు మోసిన చేతులవి. తమ్ముడు చూశాడు, చూడనట్టు అటు తిరిగాడు.

ఆల్బమ్ అయిపోయింది. తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒకాయన ఇది కాలం కంటే ముందొచ్చిందన్నాడు. ఒకమ్మాయి నిద్రొచ్చిందని కుండ బద్దలు కొట్టింది. టీచరమ్మ తను ఇచ్చేసింది తప్పేనని ఒప్పుకుంది. చాలుగారిని కూడా అడిగారు.

"నేను ఇవాళే విన్నానండీ" అన్నారాయన. అంతమందిలో అది అబద్ధం అనుకున్నది తమ్ముడు ఒక్కడే. ఒక్క క్షణం అన్నయ్యకేసి చూసి, అబద్ధం కాదని అర్థమయ్యాక తల దించుకున్నాడు.

జనం వెళ్ళిపోయారు. వైరు ఒక కొస చాలుగారు పట్టుకుంటే రెండో కొస నుంచి తమ్ముడు చుట్టుకుంటూ వస్తున్నాడు. దగ్గరికొచ్చాక చాలుగారు తన కొస వదల్లేదు.

"ఆ రోజు వ్యాను దగ్గర ఏదో చెప్పబోయావు. మిగతాది చెప్పు."

"ఇప్పుడెందుకులే అన్నయ్యా."

"చెప్పరా. ఎంతసేపైనా వింటాను."

తమ్ముడు చుట్టిన వైరు కింద పెట్టి, స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు. మాటలు వెతుక్కుంటున్నట్టు కాసేపు ఊరుకున్నాడు. మధ్యలో అందుకుని పూర్తిచేయాలని చాలుగారి నాలుక దురదపెట్టింది. పళ్ళు బిగించుకున్నారు.

"బజార్లో సామాన్ల కొట్టు వెనక ఒక గది అద్దెకు దొరికింది. పాత రేడియోలూ రికార్డు ప్లేయర్లూ బాగుచేద్దామని. మోత లేని పని. నాకు మోత విసుగొచ్చింది అన్నయ్యా, నీ మీద విసుగు కాదు." కాస్త ఆగాడు. "కిటికీ దగ్గర రెండు బల్లలు పడతాయి. నీ నడుము సంగతి నాకు తెలుసు. రాత్రిళ్ళు వదిన కాపడం పెడుతోందనీ తెలుసు. ఇంకెన్నాళ్ళు మోస్తావు ఈ పెట్టెలు? మనిద్దరం ఈ సెట్టు అమ్మేసి అక్కడ కూర్చుందాం, నువ్వూ రా అని అడుగుదామనుకున్నాను. ఆ రోజు రెండో మాట అదే."

రెండు నెలలుగా తనను వదిలేసి పోతున్నాడని కుమిలిపోయిన మనిషి చాలుగారు.

"ఇప్పుడు వస్తాను" అన్నారు.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు రావనుకున్నాను. రెండో బల్ల గడియారాలు బాగుచేసే ఆయనకి ఇస్తానని పోయిన వారమే మాటిచ్చేశాను. ఆయన అప్పుడే తన పాత కొట్టు ఖాళీ చేసేశారు. ఇప్పుడు కాదంటే ఆయన రోడ్డున పడతారు."

మాట తప్పమని చాలుగారు అడగలేదు. అడిగితే తమ్ముడు తప్పేవాడేమో కూడా. ఆ సంగతి తెలిసే ఆయన అడగలేదు. చేతిలో ఉన్న వైరు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.

"ఆయన మంచివాడేనా?"

"మంచివాడే. కొంచెం నత్తి. ఒక మాట చెప్పడానికి చాలాసేపు పడుతుంది."

"పట్టనీ" అన్నారు చాలుగారు. "నువ్వు అందుకోకు. ఆయన్నే పూర్తిచెయ్యనీ."

తమ్ముడు తలూపి లేచాడు. ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని పెట్టెను మెట్ల దాకా తెచ్చారు. బరువు పడే కింది వైపుకు తమ్ముడు వెళ్ళాడు.