పారాచూట్ తాళ్ళకు ఆముదం

ఆ తాళ్ళు మా ఇంట్లో ఉన్నన్ని రోజులు నేను తిన్నగా నడవలేదు. దర్వాజ దగ్గర మొదలుపెట్టి వాకిట్లో పాతిన రాతి కడీ దాకా లాగి కట్టి ఉండేవి. నీళ్ళు పట్టాలన్నా, కోళ్ళకు గింజలు చల్లాలన్నా ఇంటి చుట్టూ తిరిగి పోవాల్సిందే. దాటిపోవచ్చు కదా అంటారు మీరు. మా ఇండ్లల్లో ఆడవాళ్ళు మోకు దాటరు. మోకు అంటే కల్లు గీసేవాళ్ళు తమ నడుమునూ తాటిచెట్టునూ కలిపి వేసుకునే లావు తాడు. మనిషిని పైన నిలబెట్టే తాడును కాలితో దాటితే ఆ మనిషికి మంచిది కాదని మా అత్త నాకు చెప్పింది. మా అల్లుడి తాళ్ళు కూడా మనిషిని పైన నిలబెట్టేవే. అందుకే నేను దాటలేదు, నా బిడ్డను దాటనివ్వలేదు. కోళ్ళు మాత్రం దాటాయి. వాటికి ఎవరు చెప్తారు.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు మీద ఎల్లారెడ్డి అని ఉంటే పోలుస్తాను, అంతే. నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తున్నది. తన మాట వచ్చిన చోట కలం ఆపుతున్నది. ఆపకు, రాయి అంటున్నాను.

నా బిడ్డను చేసుకున్న అల్లుడు పరాయివాడేం కాదు, మా అన్న కొడుకే. మా దిక్కు మగవాళ్ళు గల్ఫ్‌కు పోతే మేస్త్రీ పనో, డ్రైవరు పనో చేస్తారు. వీడికి ఎడారిలో, విమానం ఎక్కి పైనుంచి కిందికి దుంకే సరదా మనుషుల దగ్గర పని దొరికింది. వాళ్ళు దుంకి వచ్చాక పారాచూట్లు మడతపెట్టి సంచిలో కుక్కి ఇవ్వడం వాడి పని. "గుడ్డలు మడతపెట్టేతందుకు సముద్రం దాటి పోయిండా, ఇంట్ల ఒక్కనాడన్న దుప్పటి మడతపెట్టిండా" అని మా పక్కింటామె నవ్వేది. మడతపెట్టీ పెట్టీ వాడికి కూడా దుంకాలన్న పురుగు తొలిచింది. నేర్చుకున్నాడు, దుంకాడు, ఆ బొమ్మ ఫోన్‌లో పంపాడు. అది చూసి నా బిడ్డ చాలా రోజులు వాడి ఫోన్ ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. దాని తండ్రి తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. వానకు తడిసిన చెట్టు. నాకు తెల్లచీర వచ్చేనాటికి అది తప్పటడుగులు వేసే పిల్ల. పై నుంచి పడే మనిషి అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు ఎల్లారెడ్డి బస్టాండ్‌లో దిగి, నన్ను చూడడానికి మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగాడు. వీపున ఒక సంచి. తన దేశం తిరిగి వెళ్ళిపోతున్న ఒక దుంకేవాడు తన పాత పారాచూట్‌ను వీడికి అప్పగించి పోయాడట. గుడ్డ బాగానే ఉంది, తాళ్ళే చెడ్డాయట. వచ్చిన తెల్లారే వాకిట్లో పరిచాడు.

"తాళ్ళు ముడుసుకపోయినయ్ అత్తా. అందుకే తెరుసుకునేటప్పుడు గట్టిగ గుంజింది. మెడ పట్టింది."

"ముడుసుకునేతందుకు వీటిని ఎవలు ఉతికిండ్రురా?"

"ఉతుకుడు గాదు. పారాచూట్ తెరుసుకుంటుంటె నాలుగు పలకల గుడ్డ ఒకటి ఈ తాళ్ళెంబడి కిందికి జారుతది. ఆ రాపిడికి వేడి పుడ్తది. వేడికి ఈ దారం పొట్టిగైతది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఇగ గుడ్డ సక్కగ నిలువది."

"పొట్టిగైనంక ఇంకెందుకు, మార్చు."

"మారుస్త. ఏది ఎయ్యాల్నో సూస్తున్న."

ఆ చూడటమే మా ప్రాణాలు తీసింది.

ఒక ప్లాస్టిక్ కవర్‌లో నాలుగు దారం ముక్కలు తెచ్చుకున్నాడు. ఏ రకం కావాలో చెప్తే అక్కడి కుట్టేవాళ్ళు కొలత ప్రకారం తాళ్ళు తయారుచేసి పెడతారట. వీడు తిరిగి పోయేలోపు చెప్పాలట. ఆ నాలుగింటికీ పేర్లు ఉన్నాయి. రెండు నా నోటికి తిరగలేదు. ఇప్పుడున్నది స్పెక్ట్రా. సన్నగా, నున్నగా, వేళ్ళ మధ్య నిలవకుండా జారిపోతుంది. బలమైనదే కానీ వేడికి ముడుచుకుంటుంది. రెండోది ముడుచుకోదట, కానీ ఎండకూ ఒరిపిడికీ మెల్లగా అరిగి, చెప్పకుండా తెగుతుందట. మూడోది అన్నిటికన్నా సన్నం, అది వేసుకున్నవాడు గాలిలో అందరికన్నా ముందు పోతాడట, కానీ తొందరగా అరిగిపోతుంది, తీసి పారేయాలి. నాలుగోది డాక్రాన్. అది లావు. లాగితే కొద్దిగా సాగుతుంది. సాగుతుంది కనుక పారాచూట్ తెరుచుకునేటప్పుడు మనిషిని మెల్లగా పట్టుకుంటుంది.

"ఇంక ఆలోచన ఎందుకురా, లావుదే ఎయ్యి" అన్నాను.

"అది నేర్సుకునేటోళ్ళది అత్తా. నాతోటోళ్ళు సూస్తె నవ్వుతరు. ఇంగ సంచిల పట్టది."

పొద్దున మూడోది అనేవాడు. మధ్యాహ్నం అన్నం తింటూ రెండోది అనేవాడు. ఎడమచేత్తో ఆ ముక్కను వేళ్ళ మధ్య లాగుతూ, కుడిచేత్తో పప్పు కలుపుతూ, కూర ఏదో కూడా చూడకుండా తినేవాడు. పాలు పోయడానికి వచ్చినాయనను అడిగాడు. మా అన్నకు ఫోన్ చేసి అడిగాడు. మా అన్న ఇంతవరకు నిచ్చెన ఎక్కినవాడు కాదు, "సన్నదే మంచిగుంటది బిడ్డా, బరువు తగ్గుతది" అన్నాడు. నా బిడ్డ గిన్నెలు కడిగే చప్పుడు మాత్రం రోజురోజుకు పెరిగింది.

మెడ తగ్గకపోతే కామారెడ్డి తీసుకుపోయాను. లింగంపేట దాటేదాకా బస్సు ఎగిరిన ప్రతిసారీ వాడు ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. విమానంలోంచి దుంకే మనిషి. దవాఖానలో మెడ ఎముకలకు ఫోటో తీశారు. డాక్టర్ చిన్న వయసువాడే.

"ఏమైంది?"

"బస్సుల సడన్ బ్రేక్ పడ్డది సార్" అన్నాడు అల్లుడు.

"ఏ బస్సు?"

"ఎల్లారెడ్డి బస్సు సార్."

నేను ఊరుకోలేకపోయాను. "ఎల్లారెడ్డి బస్సును ఎందుకు బద్నాం జేస్తున్నవ్‌రా. సారూ, ఈయన ఆకాశంకెళ్ళి దుంకిండు. బ్రేక్ ఆడ పడ్డది."

డాక్టర్ ఫోటో కింద పెట్టి వాడిని కింది నుంచి పైదాకా చూశాడు. "మళ్ళ దుంకుతవా?"

"కొన్నొద్దులు ఆగి, సార్."

"మెడ నీది. ఇంకోసారి ఇట్ల గుంజితె చేతులు తిమ్మిరెక్కుతయి. అప్పుడు నా దగ్గరికి వచ్చినా నేను జేసేది తక్కువ."

చేతులు తిమ్మిరెక్కితే మడతపెట్టే పని కూడా ఉండదు. ఆ మాట వాడు విన్నాడో లేదో, మెడకు పట్టీ కట్టించుకుని బయటికి వచ్చాక మూడో రకం గురించే మాట్లాడాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి చెయ్యి పట్టుకుని బజారులో తాళ్ళ దుకాణానికి లాక్కుపోయాను. ఆ దుకాణం సాయిబు పెద్దమనిషి, మా ఇంటాయన ఉన్నప్పటి నుంచి తెలుసు.

"ఏం కావాలమ్మా? ఎడ్లకా, బోరు మోటరుకా?"

"మనిషికి."

"కట్టేసేతందుకా?"

"కట్టేస్తె మంచిగుండు. ఏలాడేసేతందుకు."

ఆయన బోరులో మోటరు దింపే నైలాన్ తాడు తీసి నా ముందు పడేశాడు, అంతలోనే ఏమనుకున్నాడో వెనక్కి లాక్కున్నాడు. "మోటరు పడితె నాది జిమ్మేదారి. మనిషి పడితె నాది గాదు. ఈ బేరం నాకొద్దమ్మా."

ఇట్లా కాదని అల్లుడు జేబులోంచి కవర్ తీసి ముక్కలు చూపించాడు. సాయిబు కండ్లద్దాలు పెట్టుకున్నాడు. లావుదాన్ని పక్కకు పెట్టాడు. సన్నదాన్ని గోటితో గీకాడు, వేలికి చుట్టి లాగాడు, ముఖం వెలిగిపోయింది. "ఏం చీజ్ ఉన్నది బేటా. గింత సన్నం, గింత తాకత్. నాకు కొద్దిగ తెప్పిస్తవా?" ఇద్దరూ కూర్చుని చాయ్ తాగారు. ఎవరికి ఏం చెప్పిద్దామని తీసుకుపోయానో నాకే మరుపు వచ్చింది. వాళ్ళ చాయ్ అయ్యేదాకా నేను మెట్టు మీద కూర్చుని రోడ్డు మీది ఆటోలను చూశాను.

మరునాడు వాడు ఇంకో మాట తెచ్చాడు. "ఏది ఎయ్యాల్నో తెలుస్తలేదు. ఈ ఏడు పాతయితోనే నడిపిస్త. ముడుసుకున్నయి గాని తెగలేదు గద."

నా బిడ్డ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "మా బాపు మోకు కూడా తెగలే బావా. ఇంక గోడకే ఉన్నది, సూడు."

అల్లుడు గోడ దిక్కు చూడడానికి మనిషి మొత్తం తిరిగాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ పూటే ఇద్దరూ లింగంపేటలో చుట్టాల పెండ్లికి పోవాల్సి ఉండె. పోయారు. పోయేటప్పుడు కూడా ఒకరి వెనక ఒకరు నడిచారు, పక్కపక్కన కాదు.

ఇంట్లో నేనూ, ఆ తాళ్ళూ. పాతవాటితోనే దుంకుతాను అంటాడు. సరే, మా చేతిలో ఏముంది. పాత మోకును మళ్ళీ పనిలో పెట్టేముందు మా ఇంట్లో ఏం చేసేవాళ్ళమో అదే చేశాను. తోలు, నార కలిపి పేనిన మోకు ఎండితే బిరుసెక్కుతుంది. అందుకని ఆముదం పట్టించి మెత్తబరిచి, గీసేవాళ్ళ దేవుడు కాటమయ్య ముందు పెట్టి, పసుపు కుంకుమ అద్ది ఇచ్చేవాళ్ళం. నేను ముందుగా పారాచూట్ గుడ్డకు నూనె అంటకుండా పాత చీర చుట్టాను. నాకు ఆ మాత్రం తెలుసు. తర్వాత పీటేసుకుని కూర్చుని, ఆముదంలో ముంచిన పేలికతో ఒక్కో తాడునూ ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచాను. చాలానే తాళ్ళున్నాయి. నడుము పట్టేసింది. ముడుచుకున్నవి మెత్తబడి సాగుతాయేమో అనుకున్నాను. చివరికి పసుపు కూడా అద్దాను.

పొద్దు వాలేవేళకు వాళ్ళు వచ్చారు. అప్పటికి వాకిట్లో దుమ్ము లేచింది, కోళ్ళు కూడా వాటి పని అవి చేశాయి. తెల్ల తాళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. అల్లుడు ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. గరగరమని చప్పుడు వచ్చింది.

"ఏంజేసినవ్ అత్తా?"

"ఆముదం పట్టిచ్చిన. బిరుసు పోతదని."

"నూనె పడితె మట్టి పట్టుకుంటది. అది ఇసుక అత్తా. నేనుండేది ఇసుకల. ఆ ఇసుక లోపలికెళ్ళి దారాన్ని కోస్తది. ఇగ ఇవి పనికిరావు."

"సబ్బు పెట్టి ఉతుకుత తియ్యి."

"వద్దు" అన్నాడు, చేతులు రెండూ ముందుకు చాపి. "దండం పెడ్త. ఉతకకు."

ఇప్పుడు ఊళ్ళో, ముసల్ది కావాలనే చేసింది అంటున్నారు. నేను కావాలని చేయలేదు. నాకంత తెలివి ఉంటే ఆముదం ఎందుకు దండగ చేస్తాను, కత్తెర తీసుకుందును.

అల్లుడు రాతి కడీ పక్కన కూర్చున్నాడు. కోపంతో మాట్లాడతాడనుకున్నాను. వాడు మాత్రం పసుపు అంటిన వేళ్ళను చూసుకుంటున్నాడు. నా బిడ్డ లోపలికి పోయి ఆ ప్లాస్టిక్ కవర్ తెచ్చి, లావు ముక్క తీసి వాడి అరచేతిలో పెట్టింది.

"నీతోటోళ్ళు నవ్వుతరని భయమా నీకు?"

"సంచిల పట్టది" అన్నాడు మెల్లగా.

"పట్టకపోతె పట్టకపోనీ. నాకు నీ మెడ గావాలె. అవ్వ లెక్క నన్ను గూడ ఈ గోడ దిక్కు సూసుకుంట కూసోమంటవా?"

అవ్వ అంటే తల్లి, నేనే. ఇదిగో, ఇక్కడే కలం ఆపింది. రాయమన్నాను.

వాడు ఆ ముక్కను లాగి చూశాడు. కొద్దిగా సాగింది. మళ్ళీ లాగాడు. తర్వాత ఫోన్ తీసి, అక్కడివాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడాడు. నాకు అర్థమైంది డాక్రాన్ అన్న ఒక్క మాటే. అది రెండోసారి కూడా వినబడితే, అవతలివాడు నమ్మక మళ్ళీ అడిగాడేమో అనుకున్నాను.

పోయేముందు పాత తాళ్ళన్నీ గుడ్డ నుంచి విప్పేశాడు. పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఒకదాన్ని బట్టలు ఆరేసుకోవడానికి కట్టాను. అంత మనిషిని మోసిన తాడుకు తడిసిన తువ్వాలును మోయడం చేతకాదు. ఎక్కడ వేసినా జారి నడుమకు వచ్చి చేరుతుంది. గాలి వస్తే బట్టలన్నీ ఒక్కచోట ముద్ద. రోజూ తిట్టుకుంటూనే సర్దుతున్నాను. పైన కట్టాను కనుక దాటే బాధ లేదు, కింది నుంచి పోతే చాలు.

మొన్న ఫోన్ చేశాడు. మెడ ఇటూ అటూ తిప్పి చూపించాడు. కొత్త తాళ్ళతో దుంకాడట, ఎవరో భుజం పట్టుకుని ఆపినట్టు తెరుచుకుందట. ఆ ముక్క తొందరగా చెప్పేసి అసలు మాటకు వచ్చాడు.

"సంచి మూసుకుంటలేదు అత్తా. ఎంత కుక్కినా పడ్తలేదు. అందరు దుంకి వచ్చి చాయ్ తాగినంక గూడ నేను ఇంక సంచి మీదనే ఉంటున్న."

"మోకాలు పెట్టి ఒత్తు" అన్నాను. "గదే గద నీ పని."