కాలు ఆనే గుంట

మా ఆయనది కుండలు చేసే పాత కుమ్మరి సారెలు బాగుచేసే పని. కరెంటువి కావు, బల్ల మీద కూర్చుని కాలితో కింది చక్రాన్ని తన్ని తిప్పే రకం. చెద తిన్నదైనా, ఇరుసు వంగినదైనా షెడ్డులోకి చేరితే చాలు, ఆయనకు ఆకలిదప్పులుండవు. మనుషులతో మాత్రం పొసగదు. నాతో పొసిగిందని ఎవరైనా అంటే, వాళ్లను రెండు రోజులు ఈ ఇంట్లో ఉండమంటాను.

అందరికంటే ఎక్కువ పడనిది సొంత అక్కతో. పన్నెండేళ్ల కిందట మా అత్తగారు పోయినప్పుడు, ఆవిడ కుండలు చేసిన సారెను మా ఆడపడుచు ఎవరినీ అడగకుండా బండికెత్తించుకుని పోయింది. ఈయన వీధిలోకి పరిగెత్తి, "అది పాడైతే నా దగ్గరికి రాకు! కాళ్లు పట్టుకున్నా ముట్టుకోను" అని అరిచాడు. ఆవిడేం తక్కువ తినలేదు. "నువ్వే నా కాళ్లు పట్టుకుంటావురా, చూస్తూ ఉండు" అంది. ఆ తర్వాత మాటల్లేవు.

మొన్నామధ్య ఆ సారె ఇరుసు విరిగింది. రెండు మూడు చోట్లకు తిప్పినా ఎవరి వల్లా కాలేదు. చివరికి మా ఆడపడుచు మూతి ముడుచుకుని దాన్ని మా షెడ్డు ముందు దించింది.

"తమ్ముడి దగ్గరికి రాలేదు, మేస్త్రి దగ్గరికి వచ్చాను" అని నాతో చెప్పింది, ఆయన మూడడుగుల దూరంలో ఉండగానే. "మోటారుది నా చేతికి రాదు. ఇది తిరగకపోతే ఇక నేను కుండ ముట్టను."

"పది రోజులు పడుతుందని చెప్పు" అని ఆయన కూడా నాతోనే అన్నాడు. వాళ్ల మధ్య నేను పోస్టుమాన్‌ని.

ఆ పది రోజులూ కసిగా చేశాడు. ఇరుసు, బేరింగులు కొత్తవి వేశాడు. చక్రం పగుళ్లు పూడ్చాడు. ఎడమ కాలు ఆనించే చెక్కకు మధ్యలో అరిపాదమంత గుంట పడి ఉంటే, అక్క వంక పెట్టకూడదని దాన్ని కూడా చిత్రిక పట్టి నున్నగా చేశాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది. మట్టిముద్ద పెట్టి కుడి కాలితో తన్నింది. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఎడమ కాలు జర్రున జారింది. మళ్లీ తన్నింది, మళ్లీ జారింది. ముద్ద పక్కకు ఒరిగిపోయింది.

"గుంటేది?" అంది, పన్నెండేళ్లలో మొదటిసారి తమ్ముడి మొహం చూసి.

"అరిగిపోయిందని సాపు చేశాను."

"అరగలేదురా దరిద్రుడా! అమ్మ కాలు ముప్పై ఏళ్లు ఆనిన చోటది. నీ చేతిలో పడితే ఇదే చేస్తావని అడక్కుండా ఎత్తుకుపోయాను. మళ్లీ గుంట పడేదాకా నేను బతికుంటానా?"

మా ఆయన పనిలో తప్పు దొరకడం చూడటం నాకదే మొదటిసారి. సంతోషించాను, దాచుకోను. ఆయన సుద్దముక్క తీసుకుని ఆవిడ ముందు కింద కూలబడ్డాడు. ఎడమ కాలిని పట్టుకుని, చెక్క మీద పెట్టి, చుట్టూ గీత గీశాడు.

"ఏంట్రా, కాళ్లు పట్టుకున్నావా?"

"కొలత తీసుకుంటున్నాను."

గీత పూర్తయినా చెయ్యి తీయలేదు.

"అమ్మ కాలు ఇంతకన్నా చిన్నది, అక్కా" అన్నాడు.

"తెలుసు. చిన్నదే చెక్కు" అంది. "ఇన్నేళ్లూ వేళ్లు ముడుచుకునే పెట్టాను."