గళ్ళ కాగితం మీద కాటుక

మా తమ్ముడి మనవరాలు హైదరాబాదులో ఒక కంపెనీలో డిజైనరు. ఫోనులో మనం వేలితో నొక్కే బొమ్మలు ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో గీసి చూపించే పనట. మొన్న ఆదివారం నరసరావుపేట వచ్చి, తనను ఎక్స్‌ఛేంజ్ కింద కొన్నాళ్ళు విదేశంలో ఉన్న తమ ఆఫీసుకు పంపుతున్నారని చెప్పి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. సంతోషమేనమ్మా, మరి అక్కణ్ణుంచి మీ ఆఫీసుకు ఎవరొస్తున్నారని అడిగాను. "ఎవరూ రారు నానమ్మా, వాళ్ళకిక్కడ ఏం పని?" అని నవ్వేసింది. ఒకరు వెళ్ళి, వారి బదులు ఇంకొకరు రాకపోతే దాన్ని మార్పిడి అని ఎలా అంటారో నాకు బోధపడలేదు. లెక్కలో రెండు వైపులూ సరితూగకపోతే కాళ్ళూ చేతులూ ఆడని స్వభావం నాది. పిల్ల బస్సెక్కి వెళ్ళిపోయినా ఆ ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే నేనూ ఒకప్పుడు అలా వెళ్ళినదాన్నే, కాకపోతే నా బదులు ఒక మనిషి మా ఇంటికి వచ్చింది.

ఎనభైల నడుమ మా ఊరి చివర ఒక నేత మిల్లు ఉండేది. దుప్పట్లూ, బల్లల మీద పరిచే గుడ్డలూ నేసి పై దేశాలకు పంపేవారు. అందులో నేను డిజైన్లు గీసేదాన్ని. ఇప్పటివారికి చెప్పాలంటే, సన్నని గళ్ళున్న పెద్ద కాగితం మీద ఒక్కో గడినీ రంగుతో నింపుతూ పువ్వో తీగో గీయాలి. ఒక్కో గడీ ఒక్కో పోగుకు గుర్తు. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, మగ్గంలో ఏ పోగు పైకి లేవాలో ఆ అట్టలు చెబుతాయి. ఒక గడి తప్పితే దుప్పటి పొడుగునా ఆ తప్పు పడుతుంది. నాలాంటి దానికి తగిన పని. మా సరుకు కొనే డెన్మార్కు కంపెనీ వారికి అక్కడ ఒక డిజైన్ల ఆఫీసు ఉండేది. మూడు నెలలు మీ మనిషిని మా దగ్గరకు పంపండి, మా మనిషి మీ దగ్గర పని చేస్తుందని వారు రాస్తే, మిల్లు యజమాని నా పేరు చెప్పారు.

మా వారు సరేనన్నారు. మా అత్తగారి దగ్గరే చిక్కు. ఆవిడ మాచవరం వైపు రైతు కుటుంబంలో పుట్టిన మనిషి, మాట కత్తి. కోడలు మిల్లుకు పోవడం ఆవిడకు మొదటినుంచీ గిట్టదు. అక్కడ నేను చేసేదేమిటో ఆవిడ ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దూది దుమ్ములో కూర్చుని పోగులు లెక్కబెడతాననే ఆవిడ నమ్మకం. సంగతి విన్న మూడో నాడు అన్నం వడ్డిస్తూ తేల్చేసింది.

"ఒప్పుకున్నావు గదా, పోయిరా. పిల్లోణ్ణి నే చూసుకుంటా. తిరిగొచ్చినాక మాత్రం ఆ మిల్లు గడప తొక్కేది లేదు. ఏందే, ఇనపడిందా?"

వినపడిందని తలూపాను. ఇచ్చిన మాట తప్పడం నాకు చేతకాదని ఆవిడకూ తెలుసు. అంటే ఆ ప్రయాణంతోనే నా ఉద్యోగం ముగిసిపోతుందన్నమాట. ఉగాది వెళ్ళిన మూడో నాడు బయలుదేరాను. మా వారు ఇప్పటికీ అది వానాకాలం అంటారు, కాదు, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. వాన నేను తిరిగి వచ్చేటప్పుడు పడింది.

నా బదులు వచ్చిన డెన్మార్కు అమ్మాయిని మిల్లు వారు లాడ్జిలో ఉంచుదామనుకున్నారట. అది విని మా అత్తగారే అడ్డం పడిందని తరువాత తెలిసింది. "ఊరుగాని ఊరొచ్చిన ఆడపిల్లని లాడ్జీలో పడేస్తారా? సిగ్గులేదూ? మా కోడలు గది ఖాళీగానే ఉందిగా!" అని కొడుకును తరిమి, ఆ అమ్మాయిని పెట్టెతో సహా ఇంటికి తెప్పించుకుంది.

డెన్మార్కులో నా సంగతి చెప్పాలి. ఆ ఆఫీసు నిశ్శబ్దంగా, తెల్లగా, ఆస్పత్రిలా ఉండేది. గోడంత కిటికీలు, కిటికీ పక్కన ఏటవాలు బల్లలు. సాయంత్రం ఇంటికి పోయే వేళకు కూడా ఎండ కాస్తూనే ఉంటే, ఇంకా పని మిగిలిపోయిందేమోనని నాకు మనసు కొట్టుకునేది. అందరూ మర్యాదస్తులే. భోజనం వేళ ఎవరి డబ్బా వారిది, ఎవరి కిటికీ వారిది. నేను గీసినవన్నీ బాగున్నాయనేవారు. అందరూ బాగుందంటూ ఉంటే మనిషికి ఎంత దిగులుగా ఉంటుందో అక్కడే తెలిసింది. బల్ల ముందు కూర్చున్నప్పుడల్లా ఇవే నా చివరి కాగితాలు కదా అనుకుంటూ, ఒక్క గడి కూడా ఖాళీగా వదలడానికి మనసొప్పక, పూలమీద పూలు కూరి నింపేసేదాన్ని.

రెండో నెల నడుస్తుండగా మా మిల్లు నుంచి ఒక కాగితపు చుట్ట వచ్చింది. ఆ అమ్మాయి మా ఊళ్ళో గీసిన మొదటి డిజైను. ఆఫీసు పెద్దాయన దాన్ని బల్ల మీద పరిచి అందరినీ పిలిచాడు. మిరప కొమ్మలు అల్లుకున్న అంచు, తెల్లని చిన్న పూలు, చూడముచ్చటగా ఉంది. ఒక పువ్వు పక్కన మాత్రం నల్లని మచ్చ. పెద్దాయన భూతద్దం పెట్టి అది ఎన్ని గళ్ళ మీద పడిందో చూస్తున్నాడు. పూతకు పట్టే పురుగేమో, ఆ అమ్మాయి ఎంత నిశితంగా చూసిందో అని ఒకరు మెచ్చుకున్నారు. అట్టల్లో ఆ మచ్చకు కూడా రంధ్రాలు కొట్టించాలనీ, నల్ల నూలు విడిగా తెప్పించాలనీ అనుకుంటున్నారు.

నేను వంగి చూశాను. మచ్చ గుండ్రంగా లేదు, ఒక పక్క నరికినట్టు ఉంది. మా అత్తగారి ఉంగరపు వేలి కొస చిన్నప్పుడు కొడవలికి తెగింది. మా పిల్లవాడి బుగ్గ మీద రోజూ ఆవిడ పెట్టే కాటుక చుక్క సరిగ్గా ఇలాగే, అరిగిన చందమామలా ఉండేది. మా అత్తగారు ఆ కాగితానికి దిష్టి చుక్క పెట్టింది!

ముందు నవ్వు వచ్చింది. తరువాత కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ ఊరికే చుక్క పెట్టే మనిషి కాదు. చుట్టాల పిల్లలను ఎత్తుకొచ్చి చూపిస్తే "మీ పిల్లకి దిష్టెందుకులే" అని మొహం మీదే అనేది. అలాంటి మనిషి ఈ కాగితం ముందు కూర్చుని, చూసి, ముచ్చటపడి, దీనికి ఎవరి కళ్ళు తగులుతాయో అని భయపడింది. ఎనిమిదేళ్ళుగా నేను అదే పని చేస్తున్నాను. అసూయ పడ్డానంటే మీరు నవ్వకండి.

నాకు వచ్చిన ఇంగ్లీషులో వారికి విషయం చెప్పాను. పెద్దాయనకు అది ఎంతో నచ్చి, అయితే తప్పకుండా నేయిద్దాం, ప్రతి పువ్వుకూ పెడదాం అన్నాడు. వద్దన్నాను. దిష్టి చుక్క ఒక్కటే ఉండాలి, ఒళ్ళంతా ఉంటే అమ్మవారు పోసినట్టు ఉంటుందని చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. చివరికి చుక్క లేకుండానే దుప్పట్లు నేశారు.

తొలకరి పడ్డాక ఇంటికి వచ్చాను. ఆ అమ్మాయి అప్పటికే వెళ్ళిపోయింది. ఆ పిల్లా మా అత్తగారూ వసారాలో ఎదురెదురుగా కూర్చునేవారనీ, ఒకరు మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఒకరు గీసేవారనీ, ఘాటుకు ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే మా అత్తగారు నవ్వలేక చచ్చేదనీ పక్కింటి పిన్ని చెప్పింది. ఇద్దరికీ భాష లేదు, అయినా ఒకటే కబుర్లట. మర్నాడు పొద్దున్నే నేను మాట నిలబెట్టుకోవడానికి సిద్ధమై, ఇక మిల్లు మానేస్తున్నాను అత్తయ్యా అన్నాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"ఆ తెల్లపిల్ల గీసేదే నువ్వూ గీస్తావంటగా. నాకెందుకు చెప్పలా?"

మీకు ఇలాంటివి పట్టవనుకున్నానని గొణుగుతూ చేటలో రాళ్ళు ఏరసాగాను.

"సరే, దొరల దేశంలో నువ్వు ఎలగబెట్టిందేందో పట్రా, చూస్తా."

పెట్టె విప్పి, అక్కడివారంతా మెచ్చుకున్న కాగితాన్ని ఆవిడ ముందు పరిచాను. ఆవిడ చేట పక్కన పెట్టి, చేతులు కోకకు తుడుచుకుని, దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది.

"ఇదేందే, ఇట్టా కుక్కావు? మిరప నారు ఇంత ఒత్తుగా నాటితే కాయ కాస్తదా? గాలి ఆడొద్దూ? ఆ పిల్లది చూడు, ఎంత నిమ్మళంగా ఉందో."

"ఇప్పుడింక దిద్దేదేముంది అత్తయ్యా, మానేస్తున్నాగా."

"మానితే ఇది బాగుచేసేది ఎవురు, మీ నాయనా? పొయ్యి ఇంకోటి గీసుకురా!"

మిల్లు మానే మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రిటైరయ్యేదాకా పనిచేశాను. ఆ తరువాత ప్రతి కాగితమూ మిల్లు వారికి ఇచ్చే ముందు ఒకసారి మా వసారా చూసి వెళ్ళింది. ఆవిడ బాగుందని ఏనాడూ అనలేదు. ఇక్కడ బరువెక్కింది, ఇక్కడ బోసిగా ఉంది, ఈ తీగకు దిక్కు లేదు అనేది. నేను వాదించేదాన్ని, తరువాత దిద్దేదాన్ని.

ఇప్పుడు మిల్లు లేదు. వసారాకు ఇనుప గ్రిల్ పెట్టించాం. పరాయి మనిషి ఊళ్ళోకి వస్తే ఉండడానికి ఏసీ లాడ్జీలు బోలెడు ఉన్నాయి, ఎవరి గదీ ఎవరికీ ఇవ్వనక్కర లేదు. పని చేసేవారికి తలుపులు వేసుకునే గదులు వచ్చాయి, ఎవరు లోపల ఏం చేస్తున్నారో ఇంట్లోవారికి జీతం రోజున తప్ప తెలియదు. ఆవిడ పోయాక కూడా నేను నాలుగేళ్ళు గీశాను. అన్నీ నచ్చాయన్నారు, అన్నీ అమ్ముడయ్యాయి. కానీ ఇదేందే అని అడిగే మనిషి లేక, వాటిలో ఏది నిజంగా బాగుందో నాకు ఇప్పటికీ తెలియదు.