అత్తమ్మ బాతులకు పండుగ స్నానం

మొన్న కామారెడ్డిలో మా ఇంట్లో, మా అమ్మాయి బడిలో నేర్చుకున్న ప్రయోగం చూపిస్తానని కంచంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లింది. పొడి హాయిగా తేలుతోంది. సబ్బు అంటించిన వేలు మధ్యలో పెట్టగానే, పోలీసుల్ని చూసిన పేకాటరాయుళ్లలా అంతా అంచులకు పరుగెత్తింది. కాసేపటికి కొంత అడుగుకు దిగిపోయింది. "నీళ్ల కణాలు ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి అమ్మా, గందుకే పైన పొర లెక్క ఉంటది. సబ్బు నడుమ దూరి ఆ పట్టు సడలిస్తది" అని పంతులమ్మలా చెప్పి చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయాను. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో మా అత్తమ్మ పెంచిన బాతులు గుర్తొచ్చాయి.

కోతలైన మళ్లలో బాతుల మందలు మేపుకుంటూ వచ్చేవాళ్ల దగ్గర ఆమె ఐదు పిల్లల్ని తీసుకుంది. గంపలో వరిగడ్డి వేసి, తన పాత చీర కప్పి పెంచింది. కోడలు తిన్నదా అని అడగడం మరిచిపోయినా, బాతులు తిన్నాయా అని మాత్రం పూటపూటకూ అడిగేది. క్రిస్మస్ వస్తే మా ఇంట్లో సబ్బుకు సెలవుండదు. ఆ ఏడు గోడలు, గిన్నెలు, బొంతలు అన్నీ అయ్యాక ఆమె చూపు బాతుల మీద పడింది. సాయంత్రం చర్చివాళ్లు పాటలు పాడుతూ వస్తారు, బురద బాతుల్ని చూస్తే పరువేం కావాలి? "పండుగకు మనం తానం జేస్తం, గవేం పాపం జేసినయి?" అంటూ బట్టల సబ్బుతో నురగలొచ్చేలా రుద్దింది. నేను నీళ్లు పోశాను. ఐదోది ఒట్టి పెంకిది, ఆమె వేలు కరిచి మంచం కింద దూరింది. "పో మురికిదానా, నీకు పండుగ లేదు" అంది అత్తమ్మ.

మెరుస్తున్న నాలుగూ, వెనకాలే మురికిదీ ఇంటి వెనక కుంటలోకి దిగాయి. హుషారుగా నడుమ దాకా పోయాయి. అప్పుడు తోకలు మునిగాయి, తర్వాత వీపులు. ఈకల మీది నూనె సబ్బుతో పోయిందనీ, పైనుంచి జారిపోవలసిన నీళ్లు లోపలి నూగులోకి దూరుతున్నాయనీ మాకేం తెలుసు! మెడలు మాత్రం పైకెత్తి మమ్మల్నే చూస్తున్నాయి. అత్తమ్మ నడుము లోతు దాకా దిగింది. అవతల గుంత, ఇద్దరికీ ఈత రాదు. మగవాళ్లు చర్చి దగ్గర పందిరి వేస్తున్నారు. నేను కేకలు వేశాను, దండెం కర్ర చాపాను, అందలేదు. ఇక ఏమీ చేతకాక, ఆమె కూడా పోకుండా కొంగు పట్టుకుని నిలబడ్డాను. మురికిది ఒక్కటే తేలుతూ వాటి చుట్టూ తిరిగి అరుస్తోంది. "నిన్నటిదాక తేలినయి గదా పిల్లా! ఇయ్యాల గీ నీళ్లకేమైంది?" ఒక్కొక్క మెడా మునుగుతుంటే అత్తమ్మ అదే అడుగుతోంది.

సాయంత్రం పాటలవాళ్లకు తడి చీరతోనే గారెలు పెట్టింది. మురికి బాతు చాలా ఏళ్లు బతికింది, దాని మీద చెంబెడు నీళ్లు కూడా అత్తమ్మ ఎవరినీ పోయనివ్వలేదు. మంచాన పడ్డాక కూడా అత్తమ్మ కుంట వైపు తిరిగి నీళ్లనే తిట్టేది, నన్ను అదే మాట అడిగేది. ఇప్పుడు మా అమ్మాయి కంచంలో వేలు పెట్టి దానికి జవాబు చెప్పేసింది. జవాబులు ఎప్పటికైనా వస్తాయి. అడిగిన మనిషి ఉండగానే రావాలని మాత్రం కాలానికి పట్టింపు లేదు.