లంకలో పెట్టిన ఆవకాయ

మా అన్నయ్య మాఘమాసంలో పోయాడు. ఆ వేసవి మేం తోటలు గుత్తకి పట్టలేదు. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ఇంట్లో, వైశాఖమాసంలో మగాడు అరుగు మీద ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఏమీ అనిపించలేదు. నీడ జరిగితే నేనూ జరిగేవాణ్ణి, అంతే.

వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆవకాయ ముక్కలు కొడుతున్న చప్పుడు. మా ఇంట్లో లేదు. ఏటిసూతకం ఉన్న ఇంట్లో ఆ ఏడు ఆవకాయ పెట్టరు. ఎవరైనా ఇస్తే తింటారు. ఏటేటా మా ఇంటి ఆవకాయ వదినే పెట్టేది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

ఆగిరిపల్లిలో తోటలున్న నా స్నేహితుడు ఇదంతా చూసి, "ఇక్కడ కూర్చుని ఏం చేస్తార్రా? కృష్ణలో మా మామగారికి లంక ఉంది. నాలుగు రోజులు ఉండొద్దాం, పదండి," అన్నాడు. నా భార్య పురిటికని పుట్టింట్లో ఉంది. అమ్మా, వదినా, నేనూ బయల్దేరాం. స్నేహితుడూ, అతని భార్యా తోడు.

బయల్దేరే ముందు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. మా ప్రయాణం సంగతి తెలిసి చింతలపూడి నుంచి వదిన వాళ్లన్నయ్య ఉత్తరం రాశాడట. నాలుగో రోజున రేవు దగ్గరికే వచ్చి చెల్లెల్ని తీసుకుపోతాడట. పిల్లలు కూడా లేరు కాబట్టి ఇక అక్కడే ఉంచుకుంటాడట.

"వదిన ఏమంది?"

"ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఉండమని నేనంటే చాకిరీకి ఉంచుకున్నట్టుంటుంది. నువ్వు చెప్పరా. ఊరందరికీ కబుర్లు చెప్తావుగా!"

కబుర్లు పడవలోనే మొదలుపెట్టాను. రెడ్డిగూడెంలో కాసిన ఒక కాయ టెంకని రెండుగా చీల్చి, ఒక చెక్కలో నేనూ, రెండో చెక్కలో నా ఎడ్లూ ఎక్కి ఇదే ఏరు దాటామన్నాను.

"ఎడ్ల పడవకి తెడ్డు ఎవరేశారండీ?" అంది స్నేహితుడి భార్య.

"వంతులేసుకున్నాయమ్మా. కుడి ఎద్దుకి కొంచెం బద్ధకం, దాన్ని రెండోది తిడుతూనే ఉంది."

పడవవాడు కూడా నవ్వాడు. వదిన నీళ్ల వంక చూస్తూ కూర్చుంది. నాకూ నవ్వు రాలేదు. నోటికి అలవాటు కాబట్టి కథ దానంతటది నడిచిపోయింది.

లంకలో సుఖానికి లోటు లేదు. కొబ్బరిచెట్ల కింద తాటాకు పాక, వెనక అరటితోట, చుట్టూ ఇసుక. పొద్దున్నే ఏట్లో స్నానాలు, ఎండెక్కాక ముంజలు, భోజనమయ్యాక చాప మీద పేకాట, ఆ చాప మీదే నిద్ర. ఆటల్లో గెలిచానో ఓడానో చెప్పలేను. ముంజలు చల్లగా ఉన్నాయని అందరూ అన్నారు. ఉండే ఉంటాయి.

మూడో రోజు పొద్దున స్నేహితుడి భార్య వెంట తెచ్చిన గోనెసంచి విప్పింది. ఇంకో రోజు ఆగితే కాయలు మెత్తబడతాయి, ఇక్కడే ఆవకాయ పెట్టేస్తానంది. అమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. వదిన లేవబోయింది.

"మనమూ పెట్టుకోవచ్చమ్మా," అన్నాను. "ఏరు దాటినవాళ్లకి సూతకం ఉండదని తాతయ్య చెప్పాడు."

"మీ తాత ఎప్పుడు చెప్పాడ్రా నీకు? నువ్వు పుట్టేసరికే పోయాడు."

"కల్లోకొచ్చి చెప్పాడు."

"కల్లోకి కూడా పడవేసుకునే వచ్చారేంట్రా?" అన్నాడు స్నేహితుడు.

అమ్మ నన్ను తిట్టలేదు. నమ్మాలని ఉందామెకి. వదిన కాసేపు ఆ కాయల వంక చూసి, "పొడిగుడ్డ ఉందా అండీ?" అని స్నేహితుడి భార్యనడిగింది. రెండు రోజుల్లో అదే తన మొదటి మాట.

కాయలన్నీ తనే తుడిచింది. స్నేహితుడు కత్తిపీట మీద కొట్టిచ్చిన ముక్కల్లో ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు వేసి నూనె పోసి కలిపింది. వాళ్ల జాడీ నింపాక, మాకోసం అడిగి తీసుకున్న చిన్న జాడీ నింపింది. పక్కన ఎవరూ లేరు. ఉండిపో వదినా అనడానికి అదే సమయం.

"మూడో రోజున మళ్లీ కలపాలి కదా వదినా," అన్నాను. "పెట్టిన చెయ్యే కలపాలట. లేకపోతే జాడీ అలుగుతుందట."

"అదీ మీ తాతగారే చెప్పారా, మరిదీ?"

"అవును."

ఇంకేమైనా అంటానేమోనని చూసినట్టుంది. నేను ఇసుకలో గీతలు గీస్తున్నాను. మూత పెట్టి, దాని మీద గుడ్డతో వాసెన కట్టేసింది.

మర్నాడు రేవులో వాళ్లన్నయ్య ఉన్నాడు. పడవ దిగగానే వదిన జాడీని అమ్మ చేతుల్లో పెట్టింది.

"ఇంటికొచ్చి కలిపేసి వెళ్దువుగానమ్మా," అంది అమ్మ. "ఒక్కరోజేగా."

"మీరు కలుపుకోండి అత్తయ్యా. ఏడాదికి సరిపోదు, జాగ్రత్తగా వాడుకోండి."

అమ్మ నావైపు చూసింది. నేను సామాను దించుతున్నాను. వాళ్లు గట్టెక్కి బస్సుకేసి నడిచారు. వదిన చెప్పుల్లోంచి ఇసుక దులుపుకోవడానికి ఒకసారి ఆగింది.

మరునాడు వంటింట్లో అమ్మ జాడీ ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. చెయ్యి పెట్టలేదు. చివరికి నేనే చొక్కా చేతులు మడిచి, అడుగుదాకా చెయ్యి పోనిచ్చి కలిపాను. మా ఇంట్లో మగవాళ్లు ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టడం అదే మొదలు. నిన్న సామాను దించుతుంటే మణికట్టు దగ్గర గీసుకుపోయిన చోట కూడా కారం తగిలింది. మంట తెలియలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అంది అమ్మ.

రుచి చూడకుండానే సరిపోయిందన్నాను.