అటకెక్కిన సున్నం బుట్ట

నేను చదివింది ఫోర్త్ ఫారం, అదీ సగమే. ఏలూరులో పిన్ని ఇంట్లో ఉండి బడికి వెళ్లేదాన్ని. రసాయనశాస్త్రం చెప్పే పంతులమ్మగారు ఒకరోజు గాజు గ్లాసులో కాల్చిన గుల్ల సున్నం వేసి, నీళ్లు పోసి, పట్టుకోమన్నారు. చెయ్యి చురుక్కుమంది. ఇంకో గ్లాసు నీళ్లలో, కళాయివాళ్లు వాడే నవాసాగరం కలిపారు. అది చల్లబడిపోయింది. ఒకటి వేడిని బయటికి వదులుతుందనీ, రెండోది నీళ్లలోని వేడిని లాక్కుంటుందనీ చెప్పారు. ప్రయోగం, పరిశీలన నోటుబుక్కులో రాసుకున్నాం. ఫలితం రాసేలోగా గంట కొట్టేశారు. ఆ వారంలోనే నాన్న వచ్చి, పెళ్లి కుదిరిందని నన్ను ఇంటికి తీసుకుపోయాడు.

అత్తవారిది ముదినేపల్లి దాటాక, కొల్లేటి ఒడ్డున తాటాకిల్లు. అత్తగారు పని చెప్పడానికి తప్ప నోరు విప్పేది కాదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసినప్పుడు నేను ఆ నోటుబుక్కు తీసి, పెదవి కదిపి చదువుకునేదాన్ని. నా గొంతు నేనైనా వినాలి కదా.

ఆ వానాకాలం ఆయన ధాన్యం మిల్లు పనిమీద తాడేపల్లిగూడెం వెళ్లారు. వెనకాలే కొల్లేరు పొంగి దారి మునిగింది. నీళ్లొస్తే తడవకూడనివన్నీ అటకెక్కించడం అక్కడి అలవాటు. దాళ్వా పంటకి దాచిన విత్తనాల బస్తాలు ఎక్కించాం. వెల్ల వెయ్యడానికి కొన్న గుల్ల సున్నం బుట్టనీ బస్తాల పక్కనే, అటకమీద పరిచిన గడ్డిమీద పెట్టమంది అత్తగారు.

"అత్తయ్యగారూ, కప్పు కారితే ఆ సున్నం గడ్డిని అంటిస్తుందండి" అన్నాను.

"సున్నం ఉడుకుతుందని నాకు తెలీదేంటే? ఉడికితే ఉడికింది. నిప్పు లేకుండా గడ్డి ఎక్కడన్నా అంటుకుంటుందా? బళ్లో ఇదేనా చెప్పింది?"

పెట్టాను. కొత్త కోడలు రెండోసారి చెప్పకూడదు.

మూడోనాడు మధ్యాహ్నం మాడు వాసన వచ్చింది. నిచ్చెనెక్కి చూస్తే తాటాకు సందులోంచి నీటిధార సరిగ్గా బుట్టలోకే పడుతోంది. బుట్టలోంచి ఆవిరి లేస్తోంది. అడుగునున్న గడ్డి నల్లబడి పొగ చిమ్ముతోంది. పక్కనే బస్తాలు. అవి పోతే వచ్చే పంట లేదు, అంటుకుంటే ఇల్లే లేదు.

అత్తగారు బిందెడు నీళ్లతో నిచ్చెన కిందికి వచ్చింది. నేను దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అంతవరకూ ఆవిణ్ణి తాకి ఎరగను.

"నీళ్లు వద్దండి. పొడి గోనె ఇవ్వండి."

ఎందుకో ఇచ్చింది. గోనెతో పట్టుకుని బుట్టని కిందికి లాక్కొచ్చి, గుమ్మంలోంచి వాకిట నిలిచిన వరదలోకి తోసేశాను. బుసబుసమని పొంగి, తెల్లగా విరిగి, సద్దుమణిగింది. బిందెడు నీళ్లు పోస్తే ఇంకా రేగేదే, అంత వరదలో పడేసరికి చల్లారింది. మళ్లీ ఎక్కి, పొగ వస్తున్న గడ్డి కూడా దులిపి పారేశాను. చూసుకుంటే మోచేతి దాకా కాలింది.

అత్తగారు తెల్లబడిన నీళ్లకేసి చూసింది.

"బుట్టెడు సున్నం" అంది. అంతే.

నిజం చెప్పాలంటే నాకూ ఆ సున్నం పోయినందుకు ప్రాణం ఉసూరుమంది. కానీ బస్తాలు దక్కాయన్న మాట కూడా ఎత్తుతుందేమోనని ఆ సాయంత్రమంతా ఆవిడ చుట్టూనే తిరిగాను. ఎత్తలేదు.

నీళ్లు తీశాక ఆయన వచ్చారు. సున్నం నీళ్లపాలైందని తల్లి చెప్పింది. నా చేతికున్న గుడ్డ చూసి, గంజి వారుస్తూ కాల్చుకున్నాననుకున్నారు. నేను కాదనలేదు.

మర్నాడు నోటుబుక్కు తీసి, ఫలితం అన్నచోట పెన్సిలుతో రాశాను: సున్నం పోయింది. విత్తనాలు దక్కాయి.

దిద్దడానికి పంతులమ్మగారు లేరు. మిగిలిన కాగితాలు ఊరికే ఎందుకని, ఒక్కోటీ చింపి పొయ్యి రాజెయ్యడానికి వాడాను. ఆ ఒక్క కాగితం మాత్రం నా పెట్టె అడుగున ఉంది.